మొండావి కుటుంబం, నాపా ద్రాక్ష తోటలు: ఒక శాఖకు నిలిచిన నేల, మరొక శాఖకు చేజారిన పేరు

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వస్తాను. మేడ్చల్ దగ్గర మీ తాతగారు పెంచిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోట మీ నాన్నగారి హయాంలోనే ప్లాట్లయిపోయింది. ఈ మధ్య మీరు కాలిఫోర్నియాలోని నాపా లోయకు వెళ్లినప్పుడు, చార్లెస్ క్రుగ్ అనే వైనరీలో (వైన్ తయారు చేసే చోట) "ఇది మొండావి కుటుంబానిది" అని చెప్పారు. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో, మొండావి పేరే పెద్ద అక్షరాలతో ఉన్న మరో వైనరీలో మాత్రం "ఇప్పుడు ఇది కుటుంబానిది కాదు" అన్నారు. ఇటలీ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన మనుషులు నూరేళ్లు తోటను ఎలా నిలుపుకున్నారు, మనం మూడో తరానికే ఎందుకు పోగొట్టుకున్నాం, ఒకే పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంది అన్నవి మీ సందేహాలు.

నేను ఉద్యానశాస్త్రం చదివి, 1995 నుంచి నాపా, సొనోమా ప్రాంతాల ద్రాక్ష తోటల్లో, ముఖ్యంగా అంటు మొక్కల ఎంపికలోనూ వేరు తెగుళ్ల విషయంలోనూ పని చేస్తున్నాను. ఆ అనుభవంతో మొదట చెప్పవలసిన మాట ఏమిటంటే, ఆ కుటుంబం కూడా అన్నింటినీ నిలుపుకోలేదు. అన్న రాబర్ట్ పేరు ప్రపంచమంతా పాకింది కానీ అతని తోట చేజారింది. తమ్ముడు పీటర్ పేరు లోయ దాటి పెద్దగా వినిపించలేదు కానీ తోట అతని పిల్లల చేతిలోనే ఉంది. ఈ తేడాకు కారణం అన్నదమ్ముల స్వభావంలో కొంత ఉంది, అప్పుల్లో కొంత ఉంది, నేల కింద వేళ్లను తినే ఒక పురుగులో చాలా ఉంది. ఆ పురుగు గురించి ఎవరూ సరిగా చెప్పరు గనుక దానికి కొంచెం ఎక్కువ చోటిస్తాను.

కథ ఇటలీలోని మార్కే ప్రాంతంలో, సస్సోఫెర్రాటో అనే కొండ ఊరి పరిసరాల్లో మొదలవుతుంది. అక్కడి సేద్యం చాలావరకు మెజ్జాద్రియా అనే పద్ధతిలో సాగేది. భూమి దొరది, కష్టం రైతుది, పంటలో చెరి సగం. మన దగ్గర సగపాలుకు చేయడం అంటామే, అదే. పాలుకు చేసే రైతుకు తనదంటూ నేల ఉండదు కానీ ఇంటికి కావలసిన వైన్ మాత్రం తనే తయారు చేసుకుంటాడు. ఆ వైపు ద్రాక్షకు రాతి స్తంభాల పందిళ్లు వేయకుండా, చేను గట్ల మీద మేపుల్ చెట్లు నాటి వాటి మీదికి తీగను పాకించేవారు. దాన్ని ఇటాలియన్‌లో "పెళ్లయిన తీగ" అంటారు. మామిడికీ మాధవీలతకూ పెళ్లి చేసిన మన కావ్యాలు చదివినవారికి ఆ మాట వినగానే ఎంత దగ్గరగా తోస్తుందో చెప్పనక్కర లేదు. నాకైతే ఇటలీ రైతుల మీద మొదటిసారి ఆప్యాయత కలిగింది ఆ ఒక్క మాటతోనే. గమనించవలసినది ఏమిటంటే, ఈ కుటుంబానికి వారసత్వంగా వచ్చింది తోట కాదు. ద్రాక్ష పెంచడం, పులియబెట్టడం, భోజనంతో పాటు ఒక గ్లాసు తాగడం అనే అలవాటు మాత్రమే వచ్చింది. నేల ఆ తర్వాత చాలా కాలానికి గానీ రాలేదు.

చేజరే మొండావి 1906లో అమెరికా చేరి మిన్నెసోటా రాష్ట్రంలోని ఇనుప గనుల్లో పనికి కుదిరాడు. రెండేళ్లకు ఊరికి తిరిగి వెళ్లి రోజా గ్రాస్సిని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. రోజా గని కార్మికులకు వండిపెట్టే భోజన వసతి గృహం నడిపింది. నలుగురు పిల్లల్లో చివరి ఇద్దరు మగపిల్లలు: 1913లో రాబర్ట్, 1914లో పీటర్. మిన్నెసోటా చలికి వైన్ ద్రాక్ష బతకదు కాబట్టి అక్కడి ఇటాలియన్లు ఏటా కాలిఫోర్నియా నుంచి పండ్లు తెప్పించుకుని ఇళ్లలోనే వైన్ చేసుకునేవారు.

మద్యనిషేధం అనగానే మనవాళ్లకు 1995 నాటి ఆంధ్రప్రదేశ్ గుర్తొస్తుంది కనుక ఇక్కడ ఒక వివరం అవసరం. 1920 జనవరిలో మొదలై 1933 డిసెంబరు దాకా సాగిన అమెరికా నిషేధంలో వైన్ అమ్మడం నేరమైంది కానీ, ఇంటి అవసరానికి పళ్లరసం తయారు చేసుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉండేది. ఇంటి యజమాని ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే ఇంచుమించు 750 లీటర్ల దాకా చేసుకోవచ్చునని దాన్ని అర్థం చేసుకున్నారు. దాంతో వైనరీలు మూతపడ్డాయి గానీ ద్రాక్షకు మాత్రం గిరాకీ పెరిగింది. కాలిఫోర్నియాలో ద్రాక్ష సాగు విస్తీర్ణం ఆ కాలంలో తగ్గకపోగా పెరిగింది. మిన్నెసోటాలోని ఇటాలియన్ సంఘం వారు మంచి పండు చూసి కొనుక్కురమ్మని చేజరేను కాలిఫోర్నియాకు పంపారు. అలా వెళ్లినవాడు అక్కడి ఎండను, నేలను చూసి, 1920ల తొలినాళ్లలో సంసారాన్ని లోడై అనే ఊరికి మార్చి, పండ్లు కొని రైలు పెట్టెల్లో తూర్పు నగరాలకు పంపే వ్యాపారం పెట్టాడు.

ఆ వ్యాపారం తోటల మీద చూపిన ప్రభావం ఈనాటికీ కనబడుతుంది. రైలులో వారం పైగా మంచు దిమ్మల మధ్య ప్రయాణించి చెడకుండా చేరాలంటే పండు తొక్క మందంగా ఉండాలి. అందుకని అలికాంటె బూషే, జిన్‌ఫాండెల్, కరిన్యాన్ వంటి రకాలకు గిరాకీ పెరిగింది. అలికాంటెకు మరో సుగుణం ఉంది: మిగతా ఎర్ర ద్రాక్షల్లో రంగంతా తొక్కలోనే ఉంటే దీనికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది, అందువల్ల ఒకసారి పిండిన పిప్పికి నీళ్లు, చక్కెర కలిపి మళ్లీ పులియబెట్టినా రంగు దిగుతుంది. ఇంట్లో చేసుకునేవారికి అంతకన్నా ఏం కావాలి? సన్నని తొక్క గల మేలు రకాలను మాత్రం చాలా చోట్ల నరికి, అదే మొదలు మీద ఈ గట్టి రకాలను అంటు కట్టారు. నిషేధం ఎత్తివేసిన తర్వాత మంచి వైన్‌కు తగిన పండు దొరకడానికి ఒక తరం పట్టింది. తోటలో ఒక్కసారి చేసిన మార్పును వెనక్కి తిప్పడం ఎంత కష్టమో మీ తాతగారిని చూసినవారిగా మీకు తెలిసే ఉంటుంది.

రాబర్ట్, పీటర్ వేసవి సెలవుల్లో ఆ పండ్లకు చెక్క పెట్టెలు మేకులు కొట్టి తయారు చేసేవారు. ఎవరు ఎక్కువ పెట్టెలు కొడతారని పోటీ పడేవారు. ఇద్దరూ స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. ఆ తర్వాత పీటర్ బర్క్‌లీలో వైన్ శాస్త్రం చదివి, చల్లటి ఉష్ణోగ్రతలో పులియబెట్టడం మీద పరిశోధన చేశాడు. ఈ చిన్న వివరమే కుటుంబ భవిష్యత్తును నిర్ణయించిన వాటిలో ఒకటి. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తూ వేడిని పుట్టిస్తుంది; కాలిఫోర్నియా ఎండలో పెద్ద తొట్టెలో ఆ వేడి అదుపు తప్పితే పువ్వుల వాసన, పండు వాసన అన్నీ ఆవిరైపోయి, ఉడికిన రుచి మాత్రం మిగులుతుంది. తొట్టెను చల్లగా ఉంచితే పులియడం నెమ్మదిగా సాగి ఆ సువాసనలు నిలుస్తాయి. ఇప్పుడు ఇది ప్రతి చిన్న వైనరీకీ తెలిసిన సంగతి. 1940ల్లో దాన్ని వ్యాపార స్థాయిలో చేసి చూపించినవాళ్లు చాలా తక్కువ.

1943లో నాపా లోయలోని సెయింట్ హెలీనా దగ్గర చార్లెస్ క్రుగ్ వైనరీ అమ్మకానికి వచ్చింది. ప్రష్యా నుంచి వలస వచ్చిన క్రుగ్ దాన్ని 1861లో స్థాపించాడు. లోయలో అదే అతి పాత వాణిజ్య వైనరీగా పేరు. రాబర్ట్ తండ్రిని ఒప్పించి 75,000 డాలర్లకు కొనిపించాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి పని చేయాలన్నది తండ్రి పెట్టిన షరతు. పాలుకు సేద్యం చేసే ఊరినుంచి వచ్చిన మనిషికి, గనిలో దిగిన ముప్పై ఏడేళ్లకు, నాపాలో తనదైన తోట ఏర్పడింది. ఈ నేలే నేటికీ వారి దగ్గర ఉన్నది.

పీటర్ వైన్ తయారీ చూసుకునేవాడు, రాబర్ట్ ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఒకరు అతి జాగ్రత్తపరుడు, మరొకరు అతి ధారాళం. 1959లో చేజరే పోవడంతో ఇద్దరినీ కలిపి ఉంచే చెయ్యి లేకుండా పోయింది. 1965లో ఖర్చుల మీద వచ్చిన మాట పెరిగి ఇద్దరూ చేయి చేసుకునే దాకా వెళ్లింది. తల్లి రోజా, మిగతావారు పీటర్ పక్షం వహించడంతో రాబర్ట్‌ను వ్యాపార నిర్వహణ నుంచి పక్కన పెట్టారు. అప్పటికి అతనికి యాభై రెండేళ్లు. మరుసటి ఏడే, 1966లో, అతను ఓక్‌విల్‌లో సొంత వైనరీ కట్టించాడు. మద్యనిషేధం తర్వాత నాపాలో కొత్తగా కట్టిన మొదటి పెద్ద వైనరీగా దాన్ని చెబుతారు. మీరు చూసిన ఆ కమాను, ఆ బురుజు అప్పటివే.

అతను ఎంచుకున్న చోటు టో కలోన్ అనే తోటలోది. హామిల్టన్ క్రాబ్ అనే ఆయన 1868లో ఆ భూమి కొని పెంచిన తోట అది. గ్రీకులో ఆ పేరుకు పరమ సౌందర్యం అని అర్థం. పడమటి కొండల నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్ల మట్టి విసనకర్రలా పరుచుకున్న వాలు నేల. నీరు నిలవదు, వేళ్లు లోతుకు దిగుతాయి, తీగ విపరీతంగా పెరగదు. కాబెర్నే సొవిన్యాన్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పండు చిన్నగా, చిక్కగా రావడానికి కావలసింది అదే. అనాబ్-ఎ-షాహి పండు పెద్దది, నీరు ఎక్కువ, తీపి పదిహేను పదహారు బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం) దగ్గర ఉంటుంది. ఇక్కడి కాబెర్నే పండు బఠాణీ గింజంత, లోపల గుజ్జుతో పోలిస్తే గింజలు ఎక్కువ, తీపి మాత్రం కోత నాటికి ఇరవై నాలుగు బ్రిక్స్ దాటుతుంది. మన దగ్గర ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం, ఎందుకంటే మన తీగకు శీతాకాలపు నిద్ర లేదు. ఇక్కడ తీగ డిసెంబరుకల్లా ఆకు రాల్చి పడుకుంటుంది. ఆ నిద్రలోనే ఒక్క కత్తిరింపు, ఒక్కో కొమ్మకు రెండేసి కన్నులు (మొగ్గలు) వదిలి.

తర్వాత అన్నదమ్ముల తగాదా న్యాయస్థానానికి ఎక్కింది. 1976లో తీర్పు రాబర్ట్ పక్షాన వచ్చింది. రోజా కూడా ఆ ఏడాదే కన్నుమూసింది. క్రుగ్‌ను అమ్మివేయవలసిన స్థితి నుంచి, అన్న వాటాకు డబ్బు కట్టి దాన్ని దక్కించుకునే ఒప్పందానికి పీటర్ వచ్చాడు, ఆ ఒప్పందం అతని కుటుంబాన్ని చాలా కాలం అప్పుల్లో ఉంచింది. క్రుగ్ పేరు ఆ దశాబ్దాల్లో మసకబారడానికి అదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. పీటర్‌కు చేతకాక కాదు. అతని ఫ్రెంచి ఓక్ పీపాలు, చల్లటి తొట్టెలు 1960ల తొలినాళ్లకే లోయలో అందరికన్నా ముందున్నాయి. అప్పున్న రైతు కొత్తగా ఏదీ చేయలేడు, పాతది కాపాడుకోవడానికే సరిపోతుంది.

రాబర్ట్ వైపు కథ మీకు గైడు చెప్పే ఉంటారు కనుక త్వరగా దాటుతాను. సొవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌కు ఫ్యూమే బ్లాంక్ అని కొత్త పేరు పెట్టి గిరాకీ తెచ్చాడు; ఆ పేరును తన సొంత హక్కుగా నమోదు చేసుకోకుండా అందరికీ వదిలాడు. వారెన్ వినియార్‌స్కీ, మైక్ గర్గిచ్ ఇద్దరూ అతని దగ్గర పనిచేసి వెళ్లినవారే. 1976లో పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు కళ్లకు సీసా కనబడకుండా రుచి చూసి మొదటి స్థానం ఇచ్చిన ఎర్ర వైన్ ఒకరిది, తెల్ల వైన్ మరొకరిది. 1979లో ఫ్రాన్స్‌లోని బోర్డోకు చెందిన బారన్ ఫిలిప్ డి రాత్‌షీల్డ్‌తో సమాన వాటాల మీద ఓపస్ వన్ అనే వైన్ సంస్థ మొదలైంది. అదే ఏడాది అతను లోడైలో, చిన్నప్పుడు పెట్టెలకు మేకులు కొట్టిన ఊళ్లో, వుడ్‌బ్రిడ్జ్ అనే వైనరీని తీసుకుని చవక వైన్ తయారీ ప్రారంభించాడు. కంపెనీకి డబ్బు తెచ్చింది వుడ్‌బ్రిడ్జ్, పేరు తెచ్చింది ఓక్‌విల్. ఈ రెండూ ఒకే లేబుల్ కుటుంబంలో ఉండడం తర్వాతి రోజుల్లో పేరుకు చేటు చేసిందని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను.

ఇక పురుగు సంగతి. ఫిలాక్సెరా అనేది మన పేనుబంకకు దగ్గరి బంధువు, ఉత్తర అమెరికాకు చెందినది. అమెరికా అడవి ద్రాక్షలు యుగాలుగా దానితో కలిసి బతికాయి కనుక వాటి వేళ్లు తట్టుకుంటాయి. యూరప్ ద్రాక్ష వేళ్లకు ఆ శక్తి లేదు. 1860ల నుంచి అది ఫ్రాన్స్ తోటలను, తర్వాత యూరప్ అంతటినీ తుడిచిపెట్టింది. మందు దొరకలేదు, ఉపాయం దొరికింది: కింద అమెరికా జాతి వేరు, పైన యూరప్ జాతి కొమ్మ, మధ్యలో అంటు. నేటికీ లోకంలోని వైన్ తోటల్లో అధిక భాగం అలాంటి అంటు మొక్కలే. మహారాష్ట్ర, కర్ణాటక రైతులు ఉప్పు నేల తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వేరు మీద థాంప్సన్ అనే గింజల్లేని ద్రాక్షను అంటు కడతారు కదా, పని అదే, కారణం వేరు.

కాలిఫోర్నియాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విశ్వవిద్యాలయ నిపుణులు ఏఎక్స్‌ఆర్1 అనే వేరు రకాన్ని సిఫారసు చేశారు. అంటు సులువుగా పట్టేది, కాపు బాగా ఇచ్చేది, అన్ని నేలల్లోనూ ఒదిగేది. దానిలో ఒకే లోపం: దాని తల్లిదండ్రుల్లో ఒకటి అరామోన్ అనే యూరప్ ద్రాక్ష. సగం రక్తం పురుగును తట్టుకోలేనిది. యూరప్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ అది అప్పటికే విఫలమై పక్కన పెట్టబడింది. ఇక్కడ ముప్పై ఏళ్లు ఏమీ కాలేదు కాబట్టి అందరూ నమ్మారు. 1980ల మొదట్లో ఈ వేరు మీద వేగంగా పెరిగే ఫిలాక్సెరా రకం నాపాలో బయటపడింది. అప్పటికి నాపా, సొనోమాల్లో అధిక భాగం తోటలు ఆ ఒక్క వేరు మీదే నిలబడి ఉన్నాయి.

నేను వచ్చిన మొదటి ఏడాది చేసిన పని తోటల్లో వేళ్లు తవ్వి చూడడమే. చక్కగా పచ్చగా ఉన్న తోట మధ్యలో గుండ్రటి మచ్చలాగా కొన్ని తీగలు కురచబారి కనిపిస్తాయి. అనుభవం లేనివారు ఆ మచ్చ నడుమ తవ్వుతారు. అక్కడ ఏమీ దొరకదు, ఎందుకంటే చచ్చిన వేరును పురుగు వదిలి పోతుంది. తవ్వవలసింది మచ్చ అంచున, ఇంకా ఆరోగ్యంగా కనిపించే తీగ దగ్గర. మొదలుకు జానెడు దూరంలో చిన్న తాపీతో మట్టి తీస్తే పీచు వేళ్ల కొసలు ఉబ్బి, గాలపు కొక్కెంలా వంగి ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే ఆ వంపులో పసుపు పొడి చల్లినట్టు చుక్కలుంటాయి. ఆ చుక్కలే పురుగులు. పైన ఆ తీగకు గుత్తులు నిండుగా ఉంటాయి, యజమాని పక్కనే నిలబడి ఉంటాడు, ఇది మూడేళ్లలో పోతుందని అతనికి చెప్పాలి. ఒక పెద్దాయన, అతనిదీ ఇటాలియన్ కుటుంబమే, నా చేతిలోంచి ఆ వేరు ముక్క తీసుకుని చాలాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్లకు చూపించాలన్నాడు. మరుసటి శీతాకాలం ఆ తోటను యంత్రంతో పెకలించి, కుప్పలు పెట్టి కాల్చారు. ఆ పొగ వాసన నాకు ఇంకా తెలుసు.

ఇలాంటి తోటను తిరిగి నాటాలంటే పాత మొక్కలు పెకలించాలి, నేలను సిద్ధం చేయాలి, కొత్త అంటు మొక్కలు, కొత్త స్తంభాలు, తీగలు, బిందు సేద్యపు గొట్టాలు అన్నీ మళ్లీ కొనాలి. ఖర్చు ఎకరానికి పదుల వేల డాలర్లలో ఉంటుంది. మొదటి కాపుకు మూడేళ్లు, మంచి వైన్‌కు తగిన కాపుకు ఇంకొన్నేళ్లు. ఆ కాలమంతా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 1990ల్లో నాపాలోని చాలా కుటుంబాల తలరాతను మార్చింది ఈ లెక్కే. ఓక్‌విల్‌లోని మొండావి తోటలకూ ఇదే జరిగింది.

ఆ పెట్టుబడి కోసమూ, వారసత్వపు పన్నుల భారం తట్టుకోవడం కోసమూ రాబర్ట్ కుటుంబం 1993లో కంపెనీ వాటాలను స్టాక్ మార్కెట్‌లో పెట్టింది. కుటుంబం దగ్గర ఉన్న వాటాలకు ఒక్కోదానికి పది ఓట్లు, బయటివారి వాటాలకు ఒక్కో ఓటు అన్న ఏర్పాటు చేసుకున్నారు గనుక పెత్తనం తమదే ఉంటుందని నమ్మారు. కానీ ద్రాక్ష తీగకూ మార్కెట్‌కూ కాలమానం ఒకటి కాదు. మార్కెట్ మూడు నెలలకొకసారి లెక్క అడుగుతుంది. కొత్తగా నాటిన తోట మూడేళ్ల దాకా లెక్క చెప్పలేదు. ఆ ఖాళీని వుడ్‌బ్రిడ్జ్ వంటి చవక సీసాలు నింపవలసి వచ్చింది. దానికి తోడు రాబర్ట్ కళలకూ చదువులకూ పెద్ద విరాళాలు ప్రకటించాడు, డేవిస్ విశ్వవిద్యాలయానికి ఇచ్చినదే మూడున్నర కోట్ల డాలర్లు. ఆ హామీలు వాటాల విలువ మీద ఆధారపడి ఉన్నాయి, వాటాల విలువ పడిపోతూ వచ్చింది. 2004 వేసవిలో కుటుంబం ఆ పది ఓట్ల హక్కును వదులుకోవడానికి ఒప్పుకుంది. ఆ ఏడాది ముగిసేలోగా కాన్‌స్టెలేషన్ అనే సంస్థ అప్పులతో కలిపి 136 కోట్ల డాలర్లకు కంపెనీ మొత్తాన్ని కొనుక్కుంది. తోట, కట్టడం, ఆఖరికి మనిషి పేరు కూడా ఆ అమ్మకంలోనే వెళ్లాయి. మీరు రెండో వైనరీలో విన్న మాటకు అర్థం ఇదే.

టో కలోన్ విషయంలోనైతే నేల పేరు కూడా సరుకైంది. 1980ల చివర్లో రాబర్ట్ మొండావి వైనరీ ఆ పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేయించింది. అదే చారిత్రక తోటలో వేరే భాగానికి యజమాని అయిన రైతు తన భూమి పేరు తాను వాడుకోవడానికి వ్యాజ్యం దాకా వెళ్లి రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. తోట పేరు అనేది ఒక చోటును చెప్పే మాట, ఏ కంపెనీ పేరూ కాదు అని నేను గట్టిగా నమ్ముతాను. చట్టం మాత్రం ఇంకా అంత స్పష్టంగా లేదు.

పీటర్ కుటుంబం ఎలా నిలిచింది అన్నదానికి నా జవాబు సాదాగా ఉంటుంది. వారికీ అదే పురుగు వచ్చింది, వాళ్లూ పెకలించి నాటారు. కానీ బయటివారికి వాటాలు అమ్మలేదు. పెరగడం ఆపుకున్నారు, పేరు తగ్గినా ఓర్చుకున్నారు, విడతలు విడతలుగా నాటుకుంటూ వచ్చారు. పీటర్ 2016లో నూట ఒకటో ఏట పోయేదాకా ఆ వైనరీతోనే ఉన్నాడు. ఇప్పుడు అది అతని కొడుకుల కుటుంబాలది. రాబర్ట్ పిల్లల్లో టిమ్, మార్సియా 2005లో కాంటిన్యూమ్ అనే చిన్న వైనరీ మొదలుపెట్టి తూర్పు కొండల మీద ప్రిచర్డ్ హిల్‌లో సొంత తోట వేసుకున్నారు. వాళ్ల దగ్గర ఇంటి పేరు లేబుల్ మీద లేదు. తండ్రి, తాత నేర్పిన పని ఉంది.

మీ తాతగారి తోట గురించి మీరు రాసిన వాక్యాల్లో ఒక అపరాధ భావం కనిపించింది. అందుకే ఇంకొక్క సంగతి చెప్పాలి, ఇది కుటుంబాల గుణగణాలకు సంబంధించినది కాదు. 1968లో నాపా కౌంటీ (మన జిల్లా వంటిది) లోయ నేలనంతా వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. ఇరవై ఎకరాలకన్నా చిన్న ముక్కలుగా భూమిని విడగొట్టడానికి వీల్లేదన్నారు, 1979లో దాన్ని నలభైకి పెంచారు. 1990లో ఓటర్లు ఇంకో మెట్టెక్కి, తమ ఓటు లేకుండా వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చకూడదని తీర్మానించారు. ఆ మొదటి నిర్ణయాన్ని తోటల యజమానుల్లోనే కొందరు గట్టిగా వ్యతిరేకించారు, ఎందుకంటే తమ భూమిని ప్లాట్లుగా అమ్ముకునే హక్కు పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు గంటన్నర దూరంలో ఉన్న ఆ లోయ ఆ కట్టడి లేకపోతే ఇవాళ ఇళ్ల వరుసలతో నిండిపోయేది. ఏ అన్నదమ్ములు కొట్లాడుకున్నా, ఏ కంపెనీ ఎవరిని కొన్నా, టో కలోన్‌లో ఇవాళ కూడా ద్రాక్షే పండుతోందంటే కారణం అది. మేడ్చల్, శామీర్‌పేట తోటలకు అలాంటి రక్షణ లేదు. నగరం పక్కకు వచ్చి నిలబడ్డాక, ఎకరం పంట మీద వచ్చేదానికీ ఎకరం ప్లాట్ల మీద వచ్చేదానికీ పొంతన లేని చోట, మీ నాన్నగారు ఒంటరిగా ఎదురు నిలవడం సాధ్యమయ్యేది కాదు. ఆయనను తప్పు పట్టకండి.

మీరు మళ్లీ నాపా వెళితే క్రుగ్‌లో తోటలోకి నడిచి చూడండి, అనుమతిస్తే ఒక తీగ మొదలు దగ్గర కూర్చోండి. నేలకు కాస్త పైన ఒక ఉబ్బు కనిపిస్తుంది. దానికి కింద ఉన్నది అమెరికా వేరు, పైన ఉన్నది యూరప్ కొమ్మ. ఆ తోటకు వెళ్లిన ప్రతి మిత్రుడికీ నేను ముందు చూపించేది ఆ ఉబ్బునే.

అన్నదమ్ములిద్దరూ చివరికి కలిసారా అని కూడా మీరు అడిగారు. కలిసారు. 2005 జూన్‌లో నాపా లోయ దాతృత్వ వేలం కోసం, తొంభై దాటిన ఆ ఇద్దరూ రెండు కుటుంబాల తోటల కాబెర్నే కలిపి ఒకే ఒక్క పీపా వైన్ చేశారు. 1965 తర్వాత వాళ్లు కలిసి చేసిన మొదటి వైన్ అది. వేలంలో నాలుగు లక్షల డాలర్లకు పైగా పలికింది. దానికి వాళ్ల అమ్మానాన్నల భాషలో అంకోరా ఊనా వోల్టా అని పేరు పెట్టారు. మరొక్కసారి అని అర్థం.